వాది, ప్రతివాది, ఉగ్రవాది

తెలుగు పత్రికల శీర్షికల్లో ‘ఉగ్ర’ అన్న రెండక్షరాలకు ఉన్న గిరాకీ మరే విశేషణానికీ లేదు. ఉగ్రదాడి, ఉగ్రకుట్ర, ఉగ్రమూక, ఉగ్రలింకులు. కాలమ్ వెడల్పు చాలదు కాబట్టి సబ్ ఎడిటర్ ‘వాది’ని కోసేసి ‘ఉగ్ర’ను ఉంచుతాడు. కోసేసిన ఆ ముక్క గురించే నేను నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. ఆ పదంలో అసలు కిటుకంతా అక్కడే ఉంది.

ముందు ‘ఉగ్ర’ సంగతి తేల్చేద్దాం. సంస్కృతంలో అది తిట్టు కాదు. ఋగ్వేదంలో ఇంద్రుడు ఉగ్రుడు, రుద్రుడు ఉగ్రుడు. బలమైనవాడు, ఎదురులేనివాడు అని. అహోబిలంలో ఉగ్రనరసింహుడికి దండం పెట్టుకుంటాం. వరదల్లో గోదావరి ఉగ్రరూపం దాల్చిందని రాస్తాం, అందులో భయంతోపాటు కాస్త భక్తి కూడా ఉంటుంది. భాగవతంలో ఉగ్రసేనుడైతే పేరుకే ఉగ్రుడు. కొడుకు కంసుడు ఆయన్ను గద్దె దించి చెరలో పెట్టాడు. పేరులో ఉగ్రం ఉన్నాయన జైల్లో, చేతల్లో ఉగ్రం ఉన్నాయన సింహాసనం మీద. పురాణం కదా, ఇంతకన్నా లాగను.

‘వాది’ దగ్గరికొస్తే కథ వేరు. దీనికి మూలం ‘వద్’ అన్న సంస్కృత ధాతువు. పలకడం, చెప్పడం అని అర్థం. చెప్పినది వాదం, చెప్పేవాడు వాది. ఈ ధాతువుకు పుట్టిన సంతానం తెలుగులో చాలా పెద్దది: అనువాదం, సంవాదం, వివాదం, అపవాదు, వదంతి. పెద్దల దగ్గర పుచ్చుకునే ఆశీర్వాదం, సభ చివర చెప్పే ధన్యవాదం కూడా ఆ ఇంటివే. వీణను వాద్యం అంటున్నామంటే అది పలుకుతుంది కాబట్టే. జనం నోట్లో ‘వాదు’గా అరిగి వాదులాట అయింది. గౌతముడి న్యాయసూత్రాలు వాదానికి పెద్దపీట వేశాయి. నిజం తేల్చుకోవడానికి ఇద్దరు ప్రమాణాలతో, తర్కంతో మాట్లాడుకుంటే వాదం. గెలుపే ధ్యేయమైతే జల్పం. తనదంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాడిని పడగొట్టడమే పనైతే వితండం. మనం మూడోదానికి ‘వితండవాదం’ అని తోక తగిలించాం గానీ శాస్త్రం లెక్కలో అది వాదమే కాదు. గీతలో విభూతులు ఏకరువు పెడుతూ కృష్ణుడు వాదాన్ని కూడా తన విభూతుల్లో చేర్చుకున్నాడు.

ఈ మాట కోర్టులోనూ స్థిరపడింది. దావా వేసినవాడు వాది, ఎదుటివాడు ప్రతివాది, ఇద్దరి తరఫునా నోరు విప్పేవాళ్లు న్యాయవాదులు. మాట్లాడేవాళ్లకు భద్రమైన చోటు ఉండాలనే కోర్టు కట్టారు. మరి ఈ పంక్తిలోకి నాలుగోవాడు, ఉగ్రవాది, ఎలా వచ్చి కూర్చున్నాడు?

ఇంగ్లీషు ‘ఇజం’ పట్టుకుని వచ్చాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కాంగ్రెసులో రెండు వర్గాలను మనవాళ్లు అతివాదులు, మితవాదులు అన్నారు. 1907లో సూరత్‌లో విడిపోయిన ఆ రెండు వర్గాలకూ తేడా ఎంత అడగాలి, ఏ గొంతుతో అడగాలి అన్న దగ్గరే మొదలైంది. అతివాది అయిన తిలక్‌కు ‘కేసరి’లో రాసిన వ్యాసాలకు 1908లో ఆరేళ్ల శిక్ష వేసి మాండలే పంపారు. అదే ఏడు బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో వచ్చిన రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలుకెళ్లారు. ఆంధ్రదేశపు తొలి రాజకీయ ఖైదీగా ఆయన్ను చెప్పుకుంటాం. అయితే వాళ్లమీద మోపిన నేరం పేరు రాజద్రోహం. అతివాది అన్నది అభిప్రాయానికి పేరు, ద్రోహి అన్నది నేరానికి పేరు. అన్యాయపు చట్టమే గానీ, భాషలో ఆ రెండూ ఇంకా వేరువేరు అరల్లోనే ఉన్నాయి. తర్వాత సామ్యవాది, హేతువాది, గాంధేయవాది, స్త్రీవాది వచ్చారు. అందరూ ఒక ఆలోచనను నమ్మి నలుగురిలో దాన్ని చెప్పేవాళ్లే. ఆ వరసలోనే టెర్రరిజానికీ అదే అచ్చు వేసి ‘వాదం’ చేసేశాం.

అక్కడ పప్పులో కాలేశాం. టెర్రరిజం ఒక పద్ధతి. జనాన్ని చంపో బెదిరించో పని సాధించుకోవడం. ఆ పద్ధతిని ఏ సిద్ధాంతం వాడైనా పట్టుకోవచ్చు, సిద్ధాంతం లేనివాడూ పట్టుకోవచ్చు. సర్కారూ పట్టుకోవచ్చు. నిజానికి ఈ మాట పుట్టిందే సర్కారు మీద. ఫ్రాన్సులో 1793-94లో గిలెటిన్ పెట్టి పాలించిన రొబెస్పియర్ బృందం కూలిపోయాక, వాళ్ల పాలనకు పెట్టిన పేరది. చరిత్రలో టెర్రరిస్టులని మొదట పేరుపడ్డవాళ్లు గద్దె మీద ఉన్నవాళ్లు.

చేసేవాడిని చెప్పడానికి తెలుగులో ప్రత్యయాలు లేకపోలేదు. ఆందోళనకారుడు, నేరగాడు, హంతకుడు ఉన్నారు. మన పొరుగు కన్నడిగులు చక్కగా ‘భయోత్పాదక’ అనుకున్నారు, భయాన్ని పుట్టించేవాడు అని. అందులో మాట లేదు, చేత ఉంది. హైదరాబాదు ఉర్దూలో దహషత్‌గర్ద్ అంటారు, అందులోనూ వాదం లేదు. తమిళులు పయంకరవాది అని, మలయాళీలు భీకరవాది అని, మరాఠీలు దహషత్‌వాది అని మనలాగే ‘వాది’ని తగిలించుకున్నారు. మాటలకు కోటలు దాటడం, చేతలకు గడప దాటకపోవడం అలవాటని సామెత చెప్పుకునే జాతి మనది. రెండింటికీ తేడా బాగా తెలిసినవాళ్లం. ఈ ఒక్క పదంలో మాత్రం చేతను మాట కింద జమకట్టాం.

దీనివల్లే చట్టాలు చెడ్డాయని నేననను. మన చట్టాలు ఇంగ్లీషులో రాస్తారు, అక్కడ ‘వాది’ లేడు. విచిత్రమేమిటంటే ఇంగ్లీషు చట్టమూ చివరికి తెలుగు పదం చేరిన చోటికే చేరింది.

1967లో వచ్చిన చట్టం పేరు తెలుగులో చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం. అందరం ‘ఉపా’ అంటున్నదిదే. పేరులో ‘కార్యం’ ఉంది. నిర్వచనం తెరిచి చూడండి: నోటితో పలికిన మాట, రాసిన మాట, సైగ, బొమ్మ, వీటిలో దేనితోనైనా సరే, దేశ సార్వభౌమత్వాన్ని, ప్రాదేశిక సమగ్రతను నిరాకరించినా, ప్రశ్నించినా, దెబ్బతీసినా అది ‘కార్యకలాపం’. ప్రశ్నించడమూ దెబ్బతీయడమూ కామాలతో విడదీసి ఒకే వాక్యంలో పెట్టారు. భారతదేశం పట్ల అప్రీతి కలిగించడం కూడా అందులోనే ఉంది. ఈ అప్రీతి పాత రాజద్రోహ సెక్షను సొత్తు. 1922లో అహమ్మదాబాదు కోర్టులో ఆ సెక్షను కిందే నిలబడిన గాంధీ, ప్రీతిని చట్టం పెట్టి తయారు చేయలేరని జడ్జి మొహాన చెప్పి ఆరేళ్ల శిక్ష తీసుకున్నారు. రాజద్రోహ సెక్షనును సుప్రీంకోర్టు 2022 మేలో పక్కన పెట్టించింది. ఉపాలో మాత్రం అప్రీతి ఎక్కడికీ పోలేదు.

మొదట్లో ఉపా నిషేధిత సంఘాల గురించిన చట్టం మాత్రమే. టెర్రరిస్టు అన్న ఊసు లేదు. టెర్రరిస్టుల సంగతి 1985 నుంచి టాడా అన్న చట్టం చూసుకుంది, 2002లో పోటా అన్న చట్టం చూసుకుంది. టాడా కింద 76 వేల మందికి పైగా అరెస్టయితే శిక్షలు పడింది రెండు శాతం లోపు మందికే. 2004లో పోటాను రద్దు చేస్తూనే, అందులోని ముఖ్యమైన సరుకంతా ఉపాలోకి మార్చేశారు. ముంబయి దాడుల తర్వాత 2008లో బెయిలు తలుపు దాదాపు మూశారు. ఆరోపణ ప్రాథమికంగా నిజమని అనిపిస్తే చాలు, బెయిలు ఇవ్వకూడదు. 2019లో సుప్రీంకోర్టు వటాలీ తీర్పులో, బెయిలు దశలో సాక్ష్యాన్ని లోతుగా తూచవద్దంది. అంటే పోలీసులు చెప్పినదాన్ని ఉన్నదున్నట్టు నమ్మి చూడమని. ప్రతివాది వాదం వినేది విచారణలో. ఆ విచారణ ఎన్నేళ్లకు మొదలవుతుందో చెప్పేవాడు లేడు. 1919లో రౌలట్ చట్టాన్ని పంజాబు జనం ‘న వకీల్, న దలీల్, న అపీల్’ అని మూడు ముక్కల్లో తూర్పారబట్టారు. దలీల్ అంటే వాదన. మనకిప్పుడు వకీలు ఉన్నాడు, అపీలు ఉంది. మధ్యదే ఏళ్ల తరబడి దొరకడం లేదు.

2019లోనే ఇంకో పని చేశారు. అంతకుముందు సంఘాలనే టెర్రరిస్టు సంఘాలని ప్రకటించేవారు. ఆ సవరణతో మనిషిని కూడా ప్రకటించవచ్చు. కోర్టు తీర్పుతో పని లేదు, గెజిట్‌లో పేరెక్కితే చాలు. మొదటి జాబితాలో మసూద్ అజర్, హఫీజ్ సయీద్, లఖ్వీ, దావూద్ ఇబ్రహీం ఉన్నారు. ఆ పేర్ల మీద ఎవరికీ పేచీ ఉండదు, అందుకే వాళ్లతో మొదలుపెట్టారు. నా పేచీ ఆ నామకరణం చేసే హక్కు మీద.

మాటకే శిక్ష పడుతుందా అని అడిగేవాళ్లకు తమిళ రాజకీయ నాయకుడు వైగో కథ చెప్పాలి. 2002 జూన్‌లో తమిళనాడు తిరుమంగళం సభలో ఎల్టీటీఈకి మద్దతుగా మాట్లాడినందుకు పోటా కింద పట్టుకుని పంతొమ్మిది నెలలు జైల్లో పెట్టారు. పోటా తెచ్చిన ఎన్డీయే కూటమిలో ఆయన పార్టీ కూడా ఉందన్నది కొసరు. ఆయన, పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన పిటిషన్ల మీద 2003 డిసెంబరులో సుప్రీంకోర్టు పోటాను నిలబెట్టింది గానీ, టెర్రరిస్టు చర్యకు ఊతమివ్వాలన్న ఉద్దేశం లేకుండా ఒట్టి మద్దతు మాటలు నేరం కావంది. పీయూసీఎల్‌కు అప్పుడు అధ్యక్షుడు మన కన్నబిరాన్. జీవితమంతా న్యాయవాది అన్న పదానికి అర్థం చెబుతూ తిరిగిన మనిషి.

తెలుగువాళ్లకు ఈ కథ కొత్త కాదు, టాడా పోటాల కంటే పాతది. 1971లో జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజులను కవిత్వం రాసినందుకు ముందస్తు నిర్బంధ చట్టం కింద పట్టుకుంటే హైకోర్టు వదిలిపెట్టమంది. 1974లో సికింద్రాబాద్ కుట్ర కేసు పెట్టి కవులను, రచయితలను అందులో ఇరికించారు. అందరూ నిర్దోషులని తేలేసరికి 1989 వచ్చింది. చెరబండరాజు అప్పటికి ఏడేళ్ల క్రితమే కన్నుమూశాడు.

ఇప్పుడు అమలాపురం మనిషి సంగతి. జి.ఎన్. సాయిబాబా పోలియో వల్ల చిన్నప్పటి నుంచీ నడవలేడు, చక్రాల కుర్చీయే దిక్కు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని రామ్‌లాల్ ఆనంద్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాడు. మావోయిస్టులతో సంబంధాలున్నాయని 2014 మేలో ఉపా కింద అరెస్టు చేశారు. 2017 మార్చిలో గడ్చిరోలి కోర్టు యావజ్జీవం వేసింది. 2022 అక్టోబరు 14న బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి, విచారణకు కావలసిన అనుమతే సరిగ్గా లేదని అతన్ని విడుదల చేయమంది. మర్నాడు శనివారం. సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పును ఆపేసింది. నడవలేని మనిషి కదా, ఇంటి నిర్బంధంలోనైనా పెట్టండన్న వాదన వచ్చినప్పుడు, ఇలాంటి వ్యవహారాల్లో మెదడే ఎక్కువ ప్రమాదకరమన్న వ్యాఖ్య ధర్మాసనం మీది నుంచి వచ్చింది. నోటిమాటే, తీర్పులో భాగం కాదు. అయినా ‘ఉగ్రవాది’ అన్న పదానికి ఇంతకన్నా కచ్చితమైన వ్యాఖ్యానం ఏ నిఘంటువులోనూ దొరకదు. కాళ్లూ చేతులూ ఏం చేశాయన్నది పక్కకు పోయి, తలలో ఏముందన్నది మిగిలింది.

2024 మార్చి 5న నాగపూర్ బెంచి మళ్లీ, ఈసారి సాక్ష్యాలన్నీ చూసి, నిర్దోషి అంది. ఇంటర్నెట్ నుంచి మావోయిస్టు సాహిత్యం దించుకోవడమే నేరం కాదని, ఫలానా హింసలో ఫలానా పాత్ర ఉందని చూపించాలని రాసింది. సహనిందితుడైన ఒక ఆదివాసీ యువకుడు ఆ మాట వినడానికి లేడు, 2022లో నిర్బంధంలోనే చనిపోయాడు. సాయిబాబా బయటికొచ్చి ఏడు నెలలు బతికాడు. 2024 అక్టోబరు 12న హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో ప్రాణం పోయింది. గడ్చిరోలి కోర్టులో అతని తరఫున వాదించిన న్యాయవాది సురేంద్ర గాడ్లింగ్‌ను 2018 జూన్‌లో భీమా కోరేగావ్ కేసులో ఉపా కిందే అరెస్టు చేశారు. న్యాయవాదికీ ఉగ్రవాదికీ మధ్య ఉన్న అక్షరాల తేడా అలా చెరిపేశారు. అదే కేసులో మన వరవరరావు ఉన్నారు. ఎనభై దాటిన కవికి వైద్య కారణాల మీద శాశ్వత బెయిలు 2022 ఆగస్టులో దొరికింది.

కోర్టులు అన్నివేళలా ఒకే దారిలో లేవు. నిషేధిత సంఘంలో ఒట్టి సభ్యత్వం నేరం కాదని 2011లో చెప్పిన సుప్రీంకోర్టే, 2023 మార్చిలో నేరమేనంది. అదే ఏడు జూలైలో ఇద్దరు భీమా కోరేగావ్ నిందితులకు బెయిలిస్తూ, దగ్గర పుస్తకాలు ఉన్నంత మాత్రాన టెర్రరిస్టు చర్య కాదంది. ఏ బెంచి ముందు పడతామన్నదాన్ని బట్టి జాతకం.

ఉపా వేసే వల ఎంత వెడల్పో చూడాలంటే ములుగు జిల్లా తాడ్వాయికి వెళ్లాలి. 2022 ఆగస్టులో అక్కడి పోలీసులు 152 మంది మీద ఉపా కేసు కట్టారు. ఏడాదికి గానీ ఆ సంగతి బయటికి పొక్కలేదు. అందులో ప్రొఫెసర్ హరగోపాల్ పేరుంది. బాంబే హైకోర్టు మాజీ న్యాయమూర్తి హెచ్. సురేశ్ పేరు కూడా ఉంది. ఆయన 2020లోనే చనిపోయారు. గోల రేగాక హరగోపాల్ మీద కేసు ఎత్తేయమని అప్పటి ముఖ్యమంత్రి ఆదేశించారు. ఇక ఏళ్ల తరబడి తీర్పులు చెప్పిన ఆ న్యాయమూర్తి పోయిన రెండేళ్లకు ముద్దాయి అయ్యాడన్నమాట.

ముద్దాయి అన్నాను కదా, ఆ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. అరబ్బీ నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా మనకొచ్చింది. ఉర్దూ కోర్టు భాషలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు, వాది. ఎదుటివాడు ‘ముద్దా అలైహ్’. తెలుగులోకి వచ్చేసరికి తలకిందులై, ముద్దాయి అంటే నేరం మోపబడ్డవాడు అయి కూర్చున్నాడు. పరాయి మాట అర్థం తెలియక అలా వాడారంటే నేను ఒప్పుకుంటాను. కానీ కచేరీకి ఫిర్యాదు పట్టుకుని వెళ్లినవాడు తనే బోనెక్కి బయటికి రావడం చూసిన జనమే ఆ అర్థాన్ని తిప్పేశారేమో అనిపిస్తుంది. నిరూపించలేని ఊహ ఇది, పండితులు కోప్పడవద్దు. అడవి హక్కుల గురించో ఎన్‌కౌంటర్ల గురించో ఫిర్యాదు చేసినవాళ్లు ఉపా ముద్దాయిలవుతున్న రోజుల్లో ఆ ఊహ మరీ అసంబద్ధంగా తోచడం లేదు, అంతే.

బాంబులు అబద్ధం కాదు. 2007 ఆగస్టులో గోకుల్ చాట్, లుంబినీ పార్కు, 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్ చూసినవాళ్లం. తునకలైన మనుషులను మోసుకెళ్లిన ఊరు ఇది. చేసినవాడిని పట్టుకుని శిక్షించాలి, అందులో రెండో మాట లేదు. పేలుడు పదార్థాల చట్టం 1908 నుంచీ ఉంది. హత్యకు, కుట్రకు, ఆయుధాలకు సెక్షన్లున్నాయి. అవి చేతను పట్టుకునే చట్టాలు. మాటను పట్టుకునే చట్టం చేతికిస్తే పోలీసు సులువైన పనే ముందు చేస్తాడు. బాంబు పెట్టినవాడిని వెతకడం కష్టం, పుస్తకం ఉన్నవాడి ఇల్లు తెలుసుకోవడం తేలిక.

తొందరపడి పేరు తగిలిస్తే ఏమవుతుందో కూడా హైదరాబాదే చూసింది. 2007 మేలో మక్కా మసీదులో పేలుడు జరిగితే పాతబస్తీ ముస్లిం యువకులను పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు. కోర్టులు వాళ్లను వదిలేశాయి. పేరు మాత్రం వదల్లేదు, ఉద్యోగం దగ్గరా పెళ్లి దగ్గరా వెంటాడింది. కొన్నేళ్లకు రాష్ట్ర ప్రభుత్వమే వాళ్లలో కొందరికి నష్టపరిహారంతోపాటు మంచి నడవడి ఉందని ధ్రువపత్రాలు ఇవ్వాల్సి వచ్చింది. ఆ పరిహారం చెల్లదని తర్వాత హైకోర్టు కొట్టేసింది. ఒక పదాన్ని ఒంటి మీది నుంచి ఊడదీయడానికి సర్కారు ముద్ర కావలసి వచ్చిందన్నమాట. తగిలించినప్పుడు ఒక పోలీసు ప్రెస్‌మీట్ సరిపోయింది.

కొత్త పదం పుట్టించమని నేను అడగడం లేదు. ‘ఉగ్రవాది’ జనంలోకి వెళ్లిపోయింది, ఇక వెనక్కి రాదు. కన్నడం వాళ్ల మాట అరువు తెచ్చుకున్నా ఎవరూ పలకరు. డెస్కుల్లో పనిచేసే మిత్రులను మాత్రం ఒకటి అడుగుతాను. పోలీసులు ఎవరినో ప్రెస్‌మీట్‌లో ముసుగేసి నిలబెట్టినప్పుడు ‘ఉగ్రవాది అరెస్టు’ అని రాయకండి. ఏం చేశాడని ఆరోపిస్తున్నారో రాసి, ‘నిందితుడి అరెస్టు’ అనండి. కాలమ్‌లో మహా అయితే రెండక్షరాల చోటు ఎక్కువ పడుతుంది. వార్తంతా వెతికినా అతను చేసిన పని ఒక్కటీ కనబడక, చదివిన పుస్తకాలు, మాట్లాడిన సభలు, ఫోన్లో ఉన్న నంబర్లు మాత్రమే కనబడితే, ఆ సంగతి కూడా మొదటి పేరాలోనే రాయండి.